గోష్ఠిలో మౌనము

నలుగురు కూడిన మేలైన యుపాయము తట్టునని మనమందఱము నమ్ముదుము. అమెరికావాసియగు అలెక్స్ ఆస్బర్న్ 1953లో ప్రకటించిన గ్రంథమున నట్టి గోష్ఠికి నాలుగు నియమములు విధించెను: విమర్శను వెనుకకుంచుట, వింత యూహలనైన నాదరించుట, విరివిగ చెప్పుట, ఒకరి యూహకు వేఱొకరు మెఱుగు పెట్టుట. అయినను 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పరీక్షయందు, నలుగురు కూడి చెప్పినవానికంటె వేఱువేఱుగ కూర్చుండి యాలోచించిన నలుగురి యూహలే యధికమయ్యెను. ఒకరు పలుకునంతసేపు తక్కినవారి తలపులు నిలిచిపోవును గదా! నీరు మోయు కోడలికి తోచిన యుపాయము అత్తగారి యెదుట పెదవి దాటునా? కావున మన సమాజములలో మొదట నెవరికి వారు కాగితముపై వ్రాసి, పిదప పేరు చెప్పక చదివించి, విమర్శ కడపట చేయుట మేలని మేము తలంచుచున్నాము. వ్రాయనేరని సోదరికి ప్రక్కనున్నవారు వ్రాసి పెట్టవలెను.