వండితే మద్యం ఆవిరైపోదు

సంపాదకులకు,

రమ్, వైన్ పోసి వండిన వంటకాల్లో మద్యం పొయ్యి మీదే ఎగిరిపోతుందని, తాగుడు మానినవారూ నిశ్చింతగా తినొచ్చని మీ పత్రికలో వచ్చిన వ్యాసం భరోసా ఇచ్చింది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది నిజమే. కానీ నీళ్లలో కలిశాక అది నీటితోపాటే కొంచెం కొంచెంగా పోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం పావుగంట ఉడికాక సుమారు 40 శాతం, గంటకు 25, రెండున్నర గంటల తర్వాత కూడా 5 శాతం మిగులుతుంది. బల్ల దగ్గర మంట రాజేసి వడ్డించే వంటకంలోనైతే సుమారు 75 శాతం. ఆ మంటంతా కంటికి విందే! క్రిస్మస్ ప్లమ్ కేకు సంగతి మరీను. బేక్ చేశాక పైన చిలకరించే రమ్‌కు అసలు వేడే తగలదు.

మాగిన అరటిపండులో, పులిసిన పిండిలో మాత్రం ఆల్కహాల్ లేదా అని కొందరు అంటారు. లేశమాత్రంగా ఉంటుంది, అయితే వాటికి రమ్ రుచీ, వాసనా లేవు. మానినవారిని మళ్లీ అటు లాగడానికి ఆ వాసనే చాలు. తాగుడు మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడేవారికైతే సాస్‌లోని కొద్దిపాటి మద్యమే వాంతులు, గుండెదడ తెప్పించవచ్చు. తెలియక ఒక ముక్క తిన్నవారిని తప్పుపట్టనక్కర్లేదు. కానీ తెలిసి తినాలా వద్దా అన్నది వారే తేల్చుకోవాలి. హోటళ్లు మెనూలోనూ, బేకరీలు డబ్బా మీదా మద్యం సంగతి స్పష్టంగా రాయాలని, మీరూ ఆ వ్యాసానికి సవరణ వేయాలని మనవి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం