పేరు కొట్టేస్తే పోయేదెంత?

ఈసారి వడ్డీ లెక్కలు పక్కన పెట్టి మన సంఘం సభ్యుల రిజిస్టరు సంగతి చెబుతాను. ఇందులో తప్పు నాదే కనుక దాచడం న్యాయం కాదు.

మన రిజిస్టరును, పాత రసీదులతో సహా, కంప్యూటరులోకి ఎక్కించాం కదా. ఆ ప్రోగ్రాము రాసింది మా మేనల్లుడు, జాంగో అనే సాధనంతో. కిందటి ఏడు మన శాశ్వత సభ్యులొకరు కాలం చేశారు. రిజిస్టరులోంచి వారి పేరు తీసేసింది నేనే. ఉగాది మర్నాడు వారి శ్రీమతి ఫోను చేశారు. "ఆయన పోయారని మమ్మల్ని కూడా తీసేశారా అన్నయ్యగారూ? పిలుపు రాలేదు" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

వెళ్లి చూస్తే ఆవిడ పేరు లేదు, పిల్లల పేర్లు లేవు. ఆయన ఏటా ఇచ్చిన 1,116 రూపాయల విరాళం రసీదులు ఐదూ లేవు. నిధి లెక్కలో 5,580 రూపాయలు తగ్గాయి. బ్యాంకులో సొమ్ము మాత్రం అలాగే ఉంది!

మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అడిగాను. సభ్యులకు ఒక పట్టిక, కుటుంబానికి ఒకటి, రసీదులకు ఒకటి ఉంటాయట. ప్రతి రసీదు వరుసలోనూ సభ్యుడి నంబరు ఉంటుంది. మన లెడ్జరు ఫోలియో నంబరు లాంటిదన్నమాట. ప్రోగ్రాముకూ ఈ పట్టికలకూ మధ్య దుబాసీ పని చేసేదే ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్. సభ్యుడి వరుస కొట్టేస్తే, ఆ నంబరును పట్టుకున్న వరుసల గతి ఏమిటో దానికి ముందే చెప్పాలి.

ముఖ్యంగా మూడు దారులున్నాయి. కాస్కేడ్ అంటే వాటినీ కొట్టేస్తుంది. ప్రొటెక్ట్ అంటే రసీదులు ఉన్నంతవరకు సభ్యుణ్ణి కొట్టనివ్వదు. సెట్ నల్ అంటే రసీదు ఉంటుంది, నంబరు గడి ఖాళీ అవుతుంది. ఆ గడి ఖాళీగా ఉండవచ్చని ముందే ఒప్పుకుని ఉండాలి. 2017 డిసెంబరులో జాంగో 2.0 వచ్చేవరకు, ఏమీ చెప్పకపోతే కాస్కేడ్ అనే అనుకునేది. అప్పటినుంచి ఏదో ఒకటి రాసి తీరాలి. మావాడు అన్నిచోట్లా కాస్కేడ్ అని రాసేశాడు.

"అయినా మామయ్యా, ఏమేం పోతాయో తెర మీద జాబితా చూపించి అడిగిందిగా?" అన్నాడు. నిజమే, అడిగింది. చదవకుండా అవునన్నాను. చదవకుండా సంతకం పెట్టవద్దని ఖాతాదారులకు ఇన్నేళ్లుగా చెబుతున్నవాణ్ణి!

అదృష్టం కొద్దీ అంతకు ముందు నెల తీసిన నకలు ఉంది. అందులోంచి అన్నీ తిరిగి ఎక్కించాం. రసీదులకూ కుటుంబానికీ ప్రొటెక్ట్ పెట్టించాను. సభ్యుడి ఫోను నంబర్ల పట్టికకు మాత్రం కాస్కేడ్ ఉంచాం. పొరపాటున రెండుసార్లు ఎక్కిన పేరును తీసేస్తే, దాని కింద రాసిన ఫోను నంబర్లతో మనకు పని లేదు.

అన్నిటికంటే ముఖ్యం, పోయినవారి పేరు ఇక కొట్టడం లేదు. 'మరణించిన తేదీ' అని ఒక గడి చేర్చాం. మా బ్యాంకులో పద్ధతి ఇదే. తప్పు పద్దును చెరపం, ఎదురు పద్దు రాస్తాం. ఖాతా మూసినా దాని లెక్క వెంటనే పారేయం.

మన పిల్లలు చాలామంది ఈ పనిలోనే ఉన్నారు. రెండు పట్టికలను ముడివేసే రోజునే వారు ఒక ప్రశ్న వేసుకోవాలి: అవతలి మనిషి లేకపోతే ఇవతలి లెక్క ఉండాలా, వద్దా? డబ్బుకు సంబంధించినదైతే ఉండాల్సిందే.

ఆ ఇంటి యజమానిగా ఇప్పుడు ఆవిడ పేరే రాశాం. ఈ సంచిక ఆవిడ పేరునే వెళుతోంది.