లేఅవుటులో వదిలిన జాగా ఎవరిది?

ఊళ్ల పక్కన మాగాణి ప్లాట్లుగా మారుతోంది. హద్దురాళ్లు పాతి, నకషాలో పార్కు కోసమని కొంత జాగా చూపించి అమ్ముకుంటున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ జాగాలోనూ పునాది లేస్తుంది. ఇదేమని అడిగితే "పంచాయతీ తీర్మానం ఉంది" అనే జవాబు సిద్ధం.

తీర్మానం ఉంటే చాలునా? 2002లో వచ్చిన గ్రామ పంచాయతీ లేఅవుట్ నిబంధనలు నూటికి పది వంతుల స్థలం ఖాళీగా వదిలి పంచాయతీకి అప్పగించాలన్నాయి. పంచాయతీకి ఇచ్చినదంటే సర్పంచికి ఇచ్చినది కాదు, ఊరికి ఇచ్చినది.

బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని నగరాభివృద్ధి సంస్థ ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చింది. ముఖ్యమంత్రి చెప్పిన మీదటే ఇచ్చింది. చుట్టుపక్కల వారు హైకోర్టుకు వెళ్తే ఒక న్యాయమూర్తి పిటిషన్ కొట్టివేశారు. వారు ఊరుకోక అప్పీలు చేసి గెలిచారు. 1991లో సుప్రీంకోర్టూ వారి పక్షానే తీర్పు చెప్పింది. ఆసుపత్రీ మంచిదే కదా అన్న వాదన నిలవలేదు. అడగడానికి మీరెవరన్న ప్రశ్నా నిలవలేదు. పార్కు పోతే గాలీ వెలుతురూ పోయేది అక్కడి వారికే గదా!

పట్నం సంగతి మనకెందుకంటారా? పంజాబులో పాటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామంలో ఊరి కుంట పూడ్చి ఇళ్లు కట్టారు. స్థలం ఖరీదు వసూలు చేసి వదిలేయమన్నారు కలెక్టరు. అది చెల్లదని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత ఖర్చు పెట్టి కట్టినా లెక్కలోకి రాదంది. ఆ ఏడే మన రాష్ట్రంలో పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నిబంధనలు వచ్చాయి.

కనుక లోపం చట్టంలో కంటే మన ఆలస్యంలోనే ఎక్కువ. పునాది తీసేటప్పుడు అరుగు మీద గుసగుసలాడి, స్లాబు పడ్డాక వకీలు ఇంటికి పోతే "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని కోర్టు అడగదా? హైకోర్టు దాకా తిరగడం ఒక్క ఇంటివాడి వల్ల అయ్యే పని కాదు, అదీ నిజమే. నలుగురు కలవాలి. ముందుగా తీర్మానం నకలు సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగాలి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు.

పంచాయతీలు కూడా ప్రతి లేఅవుటు నకషానూ, వదిలిన జాగా కొలతలతో సహా ఆఫీసు గోడకు తగిలించాలి. ఇంటిపన్ను బకాయిదారుల జాబితా అతికించడం చేతనైన వారికి ఇదేమంత కష్టం?