కొలత చెప్పడానికి సిగ్గెందుకు?

జాబ్రియా ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడపడుచులకు బ్రా కొనడమూ ఓ పరీక్షే. మన ఊళ్లో 34 అంటే చాలు. అదే సైజుకు యూరప్ కంపెనీలు 75 అనీ, ఫ్రాన్స్‌వాళ్లు 90 అనీ వేస్తారు. మనవి అంగుళాల లెక్కలు, వాళ్లవి సెంటీమీటర్లు. 90 చూసి బెదిరిపోయి, బిగుతుది కొనుక్కుని, ఒరుసుకుపోయినా ఓర్చుకుంటాం. ఎవరినీ అడగం.

టేపు తీసుకుందాం. రొమ్ముల కింద చుట్టూ 75 సెంటీమీటర్లు వస్తే యూరప్ సైజు 75. నిండు కొలత దానికంటే 15 ఎక్కువుంటే కప్పు 'బి'.

ఇంటి పనివారికి బట్టలు యజమానే ఇవ్వాలని కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. అందులో లోదుస్తులు మాత్రం బట్టలు కావా? మేడమ్ ఏదిస్తే అది వేసుకోవడం కాదు, మన కొలత కాగితం మీద రాసిచ్చి అడుగుదాం. రోజంతా వంగి లేచే ఒళ్లు మనది.