సంపాదకుని మాట: రోగినడిగి వ్రాయుడు

పెనుకొండ టిప్పు సుల్తాను ఏలుబడిలో నున్న కాలమున, అతని సైన్యమునకు చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనిన కావస్‌జీ అను ఎడ్లబండివానికి పుణె సమీపమున నొక దేశీయ వైద్యుడు నుదుటి చర్మముతో క్రొత్త ముక్కును నిర్మించిన వృత్తాంతమును 1794లో లండను పత్రిక యొకటి ప్రకటింపగా, యూరపు శస్త్రవైద్యులు దానిని అనుసరింప యత్నించిరి. ఆ ముక్కు ఇంచుమించు సహజమైనదానివలెనే యున్నదని చూచినవారు వ్రాసిరి. కావస్‌జీ ఏమనుకొనెనో ఆ వ్రాతలో లేదు. 2018లో వెలువడిన క్లెఫ్ట్-క్యూ ప్రశ్నావళిని మాత్రము, మన దేశముతో సహా 12 దేశముల గ్రహణం మొర్రి రోగులనే రూపమును, మాటను, బడిజీవితమును గూర్చి యడిగి రూపొందించిరి. ఇది ఆలస్యముగా అబ్బిన సద్బుద్ధి.

పేదలకు ఉచిత చికిత్స నందించు ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న తొలుత అడుగిడిన మూడు జిల్లాలలో నాటి మన అనంతపురము ఒకటి. కాని, చేయి కాలిన ధర్మవరం నేతగత్తెకు చర్మము అతికినదని కాగితముపై వ్రాసిన చాలునా? తెగిన పట్టుపోగును రెండు వ్రేళ్లనడుమ పట్టి అతుకగలిగిననాడే ఆమెకు చేయి తిరిగివచ్చినట్లు. మచ్చ ఎఱ్ఱదనము తగ్గి మెత్తబడుటకు ఏడాదియో, అంతకు మించియో పట్టును గనుక, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైద్యులు కుట్లు విప్పుటతో విరమింపక, ఏడాది గడచిన పిమ్మట రోగిని మరల పిలిచి, పని సాగుచున్నదా, మనస్సు తృప్తిపడినదా యని అడిగి, ఆ జవాబును వ్రాసి ఉంచవలెనని ప్రార్థించుచున్నాము.