స్తంభం మీది మనిషి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఇరుకు సందులో ఒక్క స్తంభం నుండే అనేక ఇళ్ళకు సర్వీసు తీగలు దిగుతాయి. గాలివానకు ఒక కొమ్మ విరిగి తీగపై పడితే వీధి అంతా చీకటిలో మునుగుతుంది. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మోసే నాలా అశోక్‌నగర్ పక్కగానే పోతుంది. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ నగరాన్ని ముంచెత్తిన వానలను ఇక్కడి పెద్దలు మరచిపోలేదు. నీరు చేరిన చోట ముందుగా ఆగేది విద్యుత్తే.

అందుచేత కొన్ని కుటుంబాలు చిన్న జనరేటర్ కొని ఉంచుకుంటున్నాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రంపై ఆధారపడిన వృద్ధులు ఉండవచ్చు, పరీక్షలకు చదివే పిల్లలు ఉండవచ్చు. రమజాన్‌లో సహరీ వేళ వంటింట్లో దీపం లేకపోతే ఎంత ఇబ్బందో గృహిణులకు తెలుసు. కనుక జనరేటర్ కొనడం దుబారా కాదు. అయితే ఆ యంత్రాన్ని ఇంటి వైరింగుకు ఎలా కలుపుతున్నామన్నది మన గోడలకు పరిమితమైన విషయం కాదు.

కొందరు రెండు చివరలా పిన్నులున్న తీగ ఒకటి తయారు చేయించుకుంటారు. ఒక చివర జనరేటర్‌కు, మరొక చివర గదిలోని సాకెట్‌కు గుచ్చుతారు. ఇల్లంతా వెలుగుతుంది. పని సులువుగా, చౌకగా ముగిసిందని సంతోషిస్తారు. కాని మెయిన్ స్విచ్ ఆపకపోతే ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి, సర్వీసు తీగ ఎక్కి, స్తంభానికి చేరుతుంది.

అక్కడ ఏమి జరుగుతుందో గ్రహించాలి. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ 11,000 ఓల్టులను 433 ఓల్టులకు తగ్గించి మన వీధులకు పంపుతుంది. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మనకు అందేది సుమారు 230 ఓల్టులు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దిశాభేదం లేదు. కింది వైపు నుండి 230 ఓల్టులు ఇస్తే పై వైపున వేల ఓల్టులు పుట్టగలవు. ఫ్యూజు తీసి, లైనులో కరెంటు లేదన్న నమ్మకంతో తీగ పట్టుకున్న లైన్‌మన్‌కు మన ఇంటి జనరేటర్ సంగతి ఎలా తెలుస్తుంది? ఆ తీగ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవతల ఉన్నా ప్రమాదమే, ఎందుకంటే 230 ఓల్టులే మనిషి ప్రాణం తీయడానికి చాలు.

“మేము మెయిన్ ఆపిన తరువాతే జనరేటర్ నడుపుతాము” అని కొందరు సమాధానం చెబుతారు. వారి ఉద్దేశ్యం మంచిదే. కాని చీకటిలో, వానలో, పిల్లల ఏడుపుల మధ్య ఒకనాడు ఆ సంగతి మరచిపోవచ్చు. ఇంటికి వచ్చిన చుట్టం తెలియక మెయిన్ ఎత్తవచ్చు. అదే సమయంలో బయటి సరఫరా తిరిగి వస్తే రెండు కరెంటులు ఢీకొని జనరేటర్ కాలిపోవచ్చు, మంటలు లేవవచ్చు. పైగా ఆ తీగ సాకెట్ నుండి ఊడితే, దాని పిన్నులలో కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. పరుల ప్రాణాన్ని మన జ్ఞాపకశక్తికి తాకట్టు పెట్టరాదు.

దీనికి సరైన పరిష్కారం చేంజ్ఓవర్ స్విచ్. దానికి మూడు స్థానాలు ఉంటాయి: ఒకటి బయటి సరఫరా, మధ్యది శూన్యం, మూడవది జనరేటర్. పిడి ఒక్కటే కనుక ఇల్లు ఒకేసారి రెండింటితో కలవడం అసాధ్యం. ఎవరు మరచిపోయినా, ఎవరు తొందరపడినా యంత్రమే అడ్డు నిలుస్తుంది. దీనిని మీటరు, మెయిన్ తరువాత, గదులకు తీగలు విడిపోయే పెట్టెకు ముందు అమర్చాలి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి. మొదటిది, స్విచ్ ఫేజుతో పాటు న్యూట్రల్‌ను కూడా మారుస్తుందా? సింగిల్ ఫేజు ఇంటికి రెండు పోల్‌లది, త్రీ ఫేజు ఇంటికి నాలుగు పోల్‌లది కావాలి. రెండవది, స్విచ్ సామర్థ్యం ఇంటి మెయిన్‌కు సరిపోతుందా? జనరేటర్ చిన్నదని చిన్న స్విచ్ పెడితే, మామూలు రోజులలో ఇంటి భారమంతా దాని మీదే పడి వేడెక్కుతుంది. మూడవది, జనరేటర్‌కు ఎర్త్ ఎలా ఇస్తున్నారు? న్యూట్రల్ విడిపోయినప్పుడు జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్‌తో సరిగా కలపకపోతే, షాక్ నుండి కాపాడే ఆర్‌సీసీబీ పని చేయకపోవచ్చు. నాలుగవది, ఆయనకు ప్రభుత్వ లైసెన్సు ఉందా? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ప్రకటించిన భద్రతా నియమావళి ప్రకారం ఇటువంటి పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. ఇది ఇంట్లో మనమే చేసుకునే పని కాదు.

భారం లెక్క కూడా చూసుకోవాలి. 2.5 కేవీఏ జనరేటర్ 0.8 పవర్ ఫ్యాక్టర్ వద్ద ఇచ్చేది 2,000 వాట్లే. ఫ్యానుకు సుమారు 75 వాట్లు, ఎల్ఈడీ దీపానికి 10 నుండి 20 వాట్లు చాలు. ఫ్రిజ్, నీటి మోటారు మాత్రం మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అనేక రెట్లు కరెంటు లాగుతాయి. కనుక ఒకదాని తరువాత ఒకటి వేయాలి. ఇస్త్రీ పెట్టె, గీజరు ఆ సమయంలో వద్దు.

నడిపే క్రమం గోడపై రాసి అంటించండి. కరెంటు పోయినప్పుడు పిడిని ముందు శూన్యానికి తేవాలి. జనరేటర్‌ను బయట మొదలుపెట్టి, నిలకడగా నడిచిన తరువాత పిడిని దానివైపు తిప్పాలి. సరఫరా వచ్చాక మళ్ళీ శూన్యానికి, ఆపైన బయటి సరఫరాకు మార్చి, జనరేటర్‌ను చివరన ఆపాలి. వేడిగా ఉన్న యంత్రంలో పెట్రోలు పోయరాదు.

ఇరుకు ఇళ్ళలో మరొక మృత్యువు పొంచి ఉంటుంది. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. దానిని బాల్కనీలో, మెట్ల కింద, వంటింటి గుమ్మంలో నడిపితే, నిద్రపోతున్నవారు లేవకపోవచ్చు. కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, వాన తగలని చోట ఉంచాలి. అంత స్థలం మన సందులో లేకపోతే జనరేటర్ ఆశ వదలి, బ్యాటరీతో నడిచే ఇన్వర్టరు పెట్టుకోవడం వివేకం. మన పొగ పక్కింటి పసిబిడ్డ గదిలోకి పోవడం కూడా పొరుగువారి హక్కుకు భంగమే.

సోదర సోదరీమణులారా! తీగ తెగినా, స్తంభం నుండి నిప్పురవ్వలు రాలినా 1912కు ఫోన్ చేయండి. ఆ పిలుపు విని వానలో నిచ్చెన ఎక్కే మనిషి మన కోసమే ఎక్కుతాడు. అతని భార్యాపిల్లలు అతని రాక కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అతని పేరు మనకు తెలియకపోయినా, అతని ప్రాణం ఆ రాత్రి మన చేతిలో ఉన్న అమానతు. చేంజ్ఓవర్ స్విచ్‌కు అయ్యే ఖర్చు జనరేటర్ ధరలో చిన్న భాగమే. జనరేటర్ కొనే రోజునే దానినీ అమర్చించండి.