పసుపు గుంటగలగర: అడిగినది ఒకటి, తెచ్చుకున్నది ఒకటి

గుంటగలగర అనగానే మన ఇళ్ళలో పెద్దవారికి పొలం గట్ల మీద, కాలువ ఒడ్డున, తడి నేలలో పెరిగే తెల్లపూల మొక్క గుర్తుకు వస్తుంది. దాని ఆకు నలిపితే వేళ్ళు నల్లబడతాయి. ఆ రసంలో పలుమార్లు తడిపి ఆరబెట్టిన గుడ్డను వత్తిగా చేసి, ఆముదపు దీపం వెలిగించి, ఆ మసితో కాటుక పట్టేవారు. పచ్చబొట్టు పొడిచేవారికీ ఈ రసమే ఆధారం. శాస్త్రంలో ఇది భృంగరాజము, మార్కవము, కేశరంజనము. పితృప్రియమన్న పేరు కూడా నిఘంటువులలో ఉన్నది. ఇదంతా పాఠకులకు తెలిసినదే. నేను చెప్పదలచినది దీని తోబుట్టువును గురించి. రాజనిఘంటువు పేర్కొన్న పీతభృంగరాజము, అనగా పసుపుపచ్చని పూలు పూచే గుంటగలగర, మన ప్రాంతంలో అరుదైన మొక్క. అరుదైనది కనుకనే దాని పేరుతో వేరొకటి మన ఇళ్ళలోకి ప్రవేశించినది.

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల నుండి త్రిపురారం వచ్చే గృహస్థులలో కొందరు కొన్నేళ్ళుగా ఒక మాట చెబుతున్నారు. “వైద్యులుగారూ, మేము పచ్చ గుంటగలగర పెంచుకుంటున్నాము, పొద్దున్నే నాలుగాకులు నమలుతున్నాము” అని. సంతోషమే. అయితే ఈసారి వచ్చునపుడు ఒక రెమ్మ తీసుకురమ్మని అడుగుతాను. తెచ్చిన రెమ్మలలో చాలావరకు భృంగరాజము కాదు. బంగళాల ముందు, రహదారుల మధ్య, కార్యాలయాల ఆవరణలలో నేలను కప్పడానికి వేసే అలంకారపు తీగ అది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి వచ్చినది. ప్రపంచమంతటా స్థానిక వృక్షజాతులను అణచివేస్తున్న అతి దుష్టమైన 100 ఆక్రమణ జాతుల పట్టికలో దానికి చోటు దక్కినది. మన నిఘంటుకర్తలు ఎవరూ దానిని ఎరుగరు. దాని గుణదోషాలను మన వైద్యం పరీక్షించి నిర్ణయించినదీ లేదు. అటువంటి ఆకును భృంగరాజమనుకొని రోజూ పరగడుపున మింగడం మంచిది కాదు.

ఈ తికమక ఎట్లా కలిగినది? అమ్మేవారి మోసమని తేల్చివేయుట సులభమే గాని, అసలు కారణం అది కాదు. మన వైద్య గ్రంథాలకు ఇటీవలి శతాబ్దంలో వచ్చిన వ్యాఖ్యలలో పీతభృంగరాజానికి శాస్త్రీయ నామము వెడీలియా అని వ్రాసినారు. తీగకు కూడా వృక్షశాస్త్రజ్ఞులు ఒకప్పుడు వెడీలియా అనే పేరు పెట్టినారు. 1996లో ఈ రెండింటినీ స్ఫాగ్నెటికోలా అనే ప్రజాతిలోకి మార్చినారు గాని, నర్సరీలలో ఆ తీగకు వెడీలియా పేరే నిలిచిపోయినది. పుస్తకం చదివిన పెద్దమనిషి నర్సరీకి పోయి “వెడీలియా ఉన్నదా?” అని అడుగుతాడు. అబద్ధమాడకుండానే వారు ఉన్నదని చెప్పి ఒక సంచి చేతిలో పెడతారు. ఇద్దరూ సత్యమే పలికినారు, మొక్క మాత్రం తప్పు.

కాబట్టి పేరు పట్టుకొని మొక్కను కొనరాదు, మొక్కను గుర్తుపట్టి కొనవలెను. మా గురువుగారి దగ్గర ఈ విషయంలో మినహాయింపు ఉండేది కాదు. ఒక మొక్కను వర్షాకాలంలో ఒకసారి, పూతలో ఒకసారి, ఎండిన తరువాత ఒకసారి చూపి, మూడుసార్లూ సరిగా చెప్పిన శిష్యుడికే దానిని కోసే అధికారం ఇచ్చేవారు. శ్లోకం అప్పజెప్పినవాడికి కాదు.

గుర్తులు ఇవి. అసలైన పసుపు గుంటగలగర ఆకు సన్నగా, బల్లెపు మొన వలె కోసుగా ఉంటుంది. తొడిమ దాదాపు ఉండదు. ఆకు మీద పొట్టి నూగు ఉండి, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. అంచున అక్కడక్కడ చిన్న పంటిగాట్లు ఉండవచ్చును గాని ఆకు చీలి ఉండదు. పొడుగాటి కాడ చివర ఒంటరిగా పసుపు పువ్వు పూస్తుంది. అలంకారపు తీగ ఆకు దళసరిగా, నిగనిగలాడుతూ, ఇరువైపులా ఒక్కొక్క కొన పొడుచుకువచ్చి మూడు మొనల ఆకారంతో ఉంటుంది. దాని పువ్వు కొంచెం పెద్దది, నిండు రంగుది. లేత ఆకులలో మూడు మొనలు స్పష్టంగా కనిపించకపోవచ్చును. అందుచేత ఒక్క ఆకును చూసి నిర్ణయించక, ముదురు రెమ్మను మొదలు నుండి చివర వరకు చూడవలెను. మూడు మొనల ఆకు ఒక్కటి కనిపించినా అది మనకు కావలసినది కాదు.

తెల్ల గుంటగలగర విషయంలోనూ ఇటువంటి పొరపాటు జరుగుతున్నది. గడ్డిచేమంతిని, అనగా పల్లెలలో గాయపాకు అని తెగిన గాయానికి పిండేదానిని, ఎండబెట్టి పొడి చేసి భృంగరాజ చూర్ణమని అమ్ముట కద్దు. గాయపాకు మంచి ఆకే, కాని భృంగరాజము కాదు. పచ్చి మొక్క చేతిలో ఉంటే ఎవరూ మోసపోరు, ఎందుకనగా తెల్ల గుంటగలగర కాడను విరిచి నలిపితే చూస్తుండగానే నల్లబడుతుంది. పొడిగా మారిన తరువాత ఇంట్లో గుర్తుపట్టుట కష్టము. పొడి కొనుటకంటె తొట్టిలో పెంచుకొనుట మేలని నేను పట్టుబట్టుటకు ఇది ఒక కారణము.

రెండవ కారణం మా పొలాలే. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత ఈ ప్రాంతమంతా వరిమయమైనది. తడి ఉన్నచోట గుంటగలగరకు కొదువ ఉండరాదు. కాని కూలి ఖర్చులు భరించలేక రైతు గట్లకు కూడా కలుపుమందు కొడుతున్నాడు. అతనిని తప్పుపట్టను, నాట్లకు, కలుపుకు మనుషులు దొరకని కష్టం నాకు తెలుసు. ఫలితం మాత్రం మన కళ్ళముందే ఉన్నది. తెల్ల గుంటగలగర మొండిది, ఏటా విత్తనం రాల్చి మళ్ళీ మొలుస్తుంది. పసుపుది బహువార్షికము. నేల మీద పాకుతూ కణుపు కణుపుకు వేరు దించుకొని నిలిచేది. ఒకసారి గట్టు మాడిపోతే అది తిరిగి అంత తేలికగా రాదు. గట్టు మీద పచ్చగా కనిపించిన తెల్లదానిని సైతం కోసుకొని రసం తీయవద్దని నా దగ్గరకు వచ్చేవారికి చెబుతున్నాను. దాని మీద నిన్న ఏ మందు పడినదో మనకు తెలియదు.

చేమంతి కుటుంబంలోనే మరొక మొక్క చరిత్ర ఇక్కడ చెప్పదగినది. హిమాలయాలలో పెరిగే చెంగల్వకోష్టు వేరు కోసం అడవిని ఎడాపెడా త్రవ్వినారు. చివరకు 1985లో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో దానిని చేర్చవలసివచ్చినది. లాహుల్ లోయలో రైతులు దానిని పొలాలలో సాగుచేసినారు గనుకనే మన పచారీ కొట్లలో ఇంకా ఆ వేరు కనిపిస్తున్నది. పసుపు గుంటగలగర స్థితి అంత విషమించలేదు. దీనిని పెంచుటకు హిమాలయమూ అవసరం లేదు, ఒక తొట్టి చాలును.

తొలి రెమ్మ ఎక్కడ దొరుకుతుందన్నది న్యాయమైన ప్రశ్న. తమిళ సోదరులు దీనిని మంజళ్ కరిసలాంగణ్ణి అని ఆకుకూరగా తింటారు, బజారులో కట్టలుగా అమ్ముతారు. 19వ శతాబ్దంలో వళ్ళలార్ రామలింగస్వామి కరిసలాంగణ్ణిని నిత్యాహారంలో చేర్చుకొమ్మని బోధించిన ప్రభావం అక్కడ నేటికీ ఉన్నది. కేరళీయులకు ఇది మంజ కయ్యోన్ని. చెన్నపట్నంలో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. ఈసారి వచ్చునపుడు ముదురు కాడలున్న కూర కట్ట ఒకటి తడిగుడ్డలో చుట్టి తెమ్మనండి. పై గుర్తులతో సరిచూసుకొని నాటండి.

నాటుటకు ఆషాఢ శ్రావణాలు అనుకూలం. జానెడు పొడవున్న కాడను మూడు నాలుగు కణుపులతో కోసి, క్రింది ఆకులు తీసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్లు ఏటవాలుగా పెట్టవలెను. లోతైన కుండీ అక్కరలేదు. ఇది పాకే మొక్క కనుక వెడల్పాటి తొట్టి కావలెను. చెరువుమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపితే సరిపోతుంది. మొదటి పక్షం రోజులు నీడలో ఉంచి, చిగురు కనిపించిన తరువాత ఉదయపు ఎండలోకి మార్చండి. నేల ఎప్పుడూ చెమ్మగా ఉండవలెను గాని తొట్టి అడుగున నీరు నిలిచి కుళ్ళరాదు. మా జిల్లా ఎండలకు వైశాఖ జ్యేష్ఠాలలో మధ్యాహ్నపు ఎండ దీనికి గిట్టదు. గోడ నీడకో, ఏదైనా చెట్టు క్రిందికో జరిపి రెండుపూటలా తడపండి. చవిటి బోరు నీటితో ఆకు అంచులు మాడితే వాననీరో కాలువ నీరో పోయవలెను. పేనుబంక పడితే గట్టిగా నీళ్ళు చిమ్మి కడగండి, లేదా ఆ కొమ్మను కోసివేయండి. తినే ఆకు మీద పురుగుమందు చల్లవద్దు. కణుపు నేలకు తగిలినచోట వేరు దిగుతుంది. ఆ ముక్కను కోసి రెండవ తొట్టిలో వేస్తే ఏడాది తిరిగేసరికి ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చును.

అలంకారపు తీగను ఇదివరకే తెచ్చుకున్నవారు దానిని పీకి కాలువలోనో చెరువులోనో పారవేయరాదు. తెగిన ముక్క తడి నేల తగిలినచోటల్లా బతుకుతుంది. బాగా ఎండబెట్టి కాల్చివేయండి.

ఉపయోగాలను గురించి ఎక్కువ ఆశలు కల్పించను. ఆకును పెసరపప్పుతో కూరగా వండుకొనవచ్చును. తలనూనెకు శాస్త్రోక్తమైన పరిమాణం ఇది: నూనెకు నాలుగింతలు రసం, నాలుగవ వంతు కల్కము. ఒక్క తొట్టి ఆకుతో లీటరు నూనె రాదు. 50 మిల్లీలీటర్ల నువ్వులనూనెకు 200 మిల్లీలీటర్ల రసం, 12 గ్రాముల ఆకు ముద్ద చాలును. సన్నని సెగ మీద తేమ పోయేవరకు కాచవలెను. నూనెలో ముంచిన వత్తిని వెలిగించినపుడు చిటపటమనకుండా మండితే పాకం కుదిరినట్లు. పసుపుది చాలకపోతే తెల్లదాని రసం కలుపుకొనవచ్చును. ఈ నూనె తలకు చలువనిస్తుంది, జుట్టును మెత్తబరుస్తుంది. బట్టతల మీద వెండ్రుకలు మొలిపిస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు.

కామెర్ల విషయం మరింత గట్టిగా చెప్పవలసినది. రెండు గుంటగలగరలకూ కాలేయవ్యాధులలో మన వైద్యంలో స్థానమున్నది. అయినా కళ్ళు పచ్చబడినవారికి ఇంట్లో రసం పోస్తూ వారం గడపరాదు. కామెర్లకు కారణాలు అనేకం: వైరస్, పిత్తాశయంలో రాళ్ళు, మద్యం, మందుల వికారం, ఇంకా ప్రమాదకరమైనవి కూడా. ముందు రక్తపరీక్ష, వైద్యుని సలహా, ఆ తరువాతనే ఆకు. గర్భిణులు, పసిపిల్లలు, రోజూ మందులు వాడేవారు స్వయంగా రసం త్రాగవద్దు.

ఒక ముచ్చట. ఈ పసుపు మొక్కను మన దేశపు రసాయన శాస్త్రం చిన్నచూపు చూడలేదు. మద్రాసులో గోవిందాచారి బృందం దీనిలోని ఒక పదార్థపు నిర్మాణాన్ని నిర్ణయించి 1956లో ప్రకటించినది. మొక్క పాతపేరు మీదనే దానికి వెడిలోలాక్టోన్ అని పేరు వచ్చినది. తెల్ల భృంగరాజపు నాణ్యతను ఇవాళ ప్రయోగశాలలలో పరీక్షించునపుడు ముఖ్యంగా కొలిచేది ఈ పదార్థాన్నే. అక్క పేరు చెల్లెలి ఇంటి తలుపు మీద ఉన్నదన్నమాట.

నిఘంటువులో మూడవది నీలభృంగరాజము. దానిని తెచ్చిపెట్టమని అడిగేవారూ ఉన్నారు. అది ఏ మొక్క అన్నదానిలో పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. అంగడిలో దొరికే నీలిభృంగాది తైలంలోని ‘నీలి’ రంగును చెప్పే విశేషణం కాదు, నీలిమందు మొక్క. నీలిపూల గుంటగలగర అని ఎవరైనా విత్తనాలు అమ్మజూపితే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకొనండి.

మా మండలంలోని కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన స్థానము, కృషి విజ్ఞాన కేంద్రము ఉన్నవి. వరిలో కలుపును గురించి రైతులకు చెప్పే సంస్థలు ఆ కలుపులో ఏది మందుమొక్కో కూడా చూపి, ఒక మడిలో సరిగా గుర్తించిన తల్లిమొక్కలను నిలిపి, అడిగినవారికి అంట్లు ఇచ్చినట్లయితే ఎంత మేలు! కొత్త భవనమేమీ కట్టనవసరం లేదు, నాలుగు గజాల తడి నేల చాలును. పాఠశాలలలో చేతిపంపు దగ్గర వృథాగా పోయే నీటి పక్కన కూడా ఈ పని జరుగవచ్చును. అంతవరకు ఇళ్ళవారే పూనుకోవలెను. ఎవరికైనా అంటు ఇచ్చునపుడు పువ్వుతో, ముదురు ఆకుతో ఉన్న రెమ్మనే ఇవ్వండి. పేరు కాగితం మీద వ్రాసి ఇచ్చుట కాక, ఆకు గరుకును వారి వేలికి తగిలించి చూపండి.